ఫైలులో లేని మాట

మా నాన్నగారిని మొదటిసారి గుండె డాక్టరుకు చూపించడానికి తీసుకువెళ్లిన రోజున నా చేతిలో మూడు వేళ్ల మందాన ఫైలు ఉంది. పన్నెండేళ్ల రక్తపరీక్షలు, పాత ఎక్స్‌రేలు, షుగరు డాక్టరు రాసిన చీటీలు అన్నీ తేదీల వరసలో పెట్టుకున్నాను. 68 ఏళ్ల నాన్నగారికి మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందన్నది మా ఫిర్యాదు. డాక్టరుగారు ఆయన వైపు తిరిగి "చెప్పండి, ఏమిటి ఇబ్బంది?" అని అడిగితే జవాబు నేను చెప్పాను. ఎప్పటినుంచి షుగరు ఉందో, ఏయే మాత్రలు వాడుతున్నారో, కిందటి పరీక్షలో కొలెస్టరాల్ ఎంత వచ్చిందో తడుముకోకుండా చెప్పాను. మధ్యలో నాన్నగారు ఎడమ దవడ మీద చేయి వేసుకుని ఏదో అనబోయారు. "పంటి సంగతి ఇక్కడెందుకు నాన్నగారూ, ముందు రిపోర్టులు చూడనివ్వండి" అని నేనే ఆపాను. ఈసీజీ మామూలుగా ఉంది, గుండెను ధ్వని తరంగాలతో చూసే ఎకోలోనూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. బీపీ మాత్ర ఒకటి మార్చి నెల తరువాత రమ్మన్నారు.

ఇంటికి తిరిగి వస్తుంటే నాన్నగారు ఆ మాట పూర్తిచేశారు. గబగబా నడిచినా, మెట్లు ఎక్కినా దవడను ఎవరో బిగించి పట్టుకున్నట్టు అవుతుందని, ఆగి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో వదిలేస్తుందని, దంతవైద్యుడికి రెండుసార్లు చూపించుకున్నా పళ్లలో ఏ లోపమూ లేదన్నారని చెప్పారు. నేను దాన్ని అప్పుడు కూడా పట్టించుకోలేదు. నెల తరువాత ఆయనే స్వయంగా డాక్టరుగారికి చెబితే ఆ రోజే నడిపిస్తూ ఈసీజీ తీసే ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు, ఆ వారంలోనే గుండె నాళాల్లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే యాంజియోగ్రామ్ చేశారు. గుండెకు రక్తం తీసుకువెళ్లే పెద్ద నాళంలో పూడిక ఉంది, నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, అంటే స్టెంట్, వేశారు. నాన్నగారు ఇప్పుడు బాగున్నారు. కానీ ఆయన నోటిలోని మాటను నేను ఆపిన తరువాత గడిచిన ఆ నెల రోజులను తలచుకుంటే నాకు ఈరోజుకీ గుండె జారిపోతుంది.

గుండె డాక్టరు దగ్గరికి ఎలా వెళ్లాలో చెప్పే సలహాలన్నీ సాధారణంగా కాగితాల చుట్టూ తిరుగుతాయి: పాత రిపోర్టులు తీసుకువెళ్లండి, ముందే సమయం తీసుకోండి, తొందరగా చేరుకోండి. ఇవన్నీ అవసరమే. అయితే అన్నిటికన్నా ముందు సిద్ధం చేసుకోవలసింది రోగి తన నోటితో చెప్పే వృత్తాంతమని నా వాదన. అది యంత్రాలు రాకముందు కాలపు మర్యాద కాదు, ఈనాటికీ అదే మొదటి పరీక్ష.

ఈ జబ్బు చరిత్రే దానికి సాక్ష్యం. నడిస్తే ఛాతీలో పట్టేసినట్టయి, నిలబడగానే తగ్గిపోయే బాధను విలియం హెబర్డెన్ అనే ఆంగ్ల వైద్యుడు 1768లో లండన్ వైద్యుల సభలో వర్ణించి, దానికి 'అంజైనా పెక్టోరిస్' అని పేరు పెట్టాడు. అప్పటికి స్టెతస్కోపు లేదు, అది 1816లో వచ్చింది. ఈసీజీ రావడానికి ఇంకా 130 ఏళ్లకు పైగా ఉంది. ఆయన దగ్గర ఉన్నదల్లా రోగులు చెప్పిన మాటలు, వాటిని ఓపికగా విని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసిన శ్రద్ధ. ఎత్తు ఎక్కేటప్పుడు, భోజనం చేసిన వెంటనే నడిచినప్పుడు ఎక్కువగా వస్తుందన్న సంగతి కూడా ఆయనకు అలాగే తెలిసింది. ఈనాటి డాక్టరు అడిగే ప్రశ్నలు దాదాపు అవే.

1975లో జాన్ హాంప్టన్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఆయన సహచరులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన ప్రచురించారు. వైద్య విభాగానికి కొత్తగా వచ్చిన 80 మంది రోగులలో 66 మందికి, పంపిన డాక్టరు రాసిన ఉత్తరం చదివి, రోగి చెప్పింది విన్నాక అనుకున్న నిర్ధారణే చివరికి నిలిచింది. ఒంటిని పరీక్షించడం వల్ల నిర్ధారణ మారినవారు ఏడుగురు, ప్రయోగశాల పరీక్షల వల్ల మారినవారు మరో ఏడుగురు. వాళ్లందరూ గుండె రోగులు కారు, ఆ తరువాత యంత్రాలు ఎంతో మెరుగుపడ్డాయి, కాబట్టి ఆ అంకెలను యథాతథంగా ఈరోజుకు అంటగట్టడం సరికాదు. కానీ ఏ యంత్రం దగ్గరికి పంపాలో నిర్ణయించేది ఇప్పటికీ రోగి మాటే. దవడ సంగతి వినకముందు మా నాన్నగారిని ట్రెడ్‌మిల్ దగ్గరికి పంపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఈసీజీ మామూలుగా ఉంటే గుండె బాగున్నట్టేనన్న నమ్మకం మన ఇళ్లలో చాలా బలంగా ఉంది. మామూలు ఈసీజీ కాగితం మీద ఉండేది దాదాపు పది సెకన్ల గుండె నడక మాత్రమే. పడుకుని, ప్రశాంతంగా ఉన్న మనిషి గుండెకు ఆ పది సెకన్లలో రక్తం సరిపోతోందంటే మెట్ల మీద కూడా సరిపోతుందని అర్థం కాదు. వారానికి ఒకసారి పది నిమిషాలు వచ్చిపోయే దడ ఆ పది సెకన్లలోనే కనిపించాలని ఆశించడమూ న్యాయం కాదు. అదే సమయంలో పాత ఈసీజీకి చాలా విలువ ఉంది. ఈరోజు కాగితంలో కనిపించిన తేడా కొత్తదా, అయిదేళ్ల నుంచీ ఉన్నదా అన్నది పక్కన పాతది పెట్టి చూస్తేనే తేలుతుంది. ఫైలంతా మోయలేకపోతే చివరి ఈసీజీ, చివరి ఎకో, ఆసుపత్రిలో చేరి ఉంటే అప్పటి డిశ్చార్జి కాగితం, ఈ మూడూ చాలు.

ఇక చెప్పే తీరు గురించి. గుండె జబ్బు అంటే 'నొప్పి' అని మనసులో పడిపోవడం వల్ల ఎంతో ముఖ్యమైన విషయం చెప్పకుండా మిగిలిపోతుంది. డాక్టరు "ఛాతీలో నొప్పి వస్తుందా?" అంటే చాలామంది "నొప్పేమీ లేదండీ" అంటారు, అది అబద్ధం కాదు కూడా. వాళ్లకు కలిగేది నొప్పి కాదు. బరువు పెట్టినట్టు, పిండినట్టు, మంట పుట్టినట్టు, గొంతు దాకా బిగుసుకున్నట్టు ఉంటుంది. దవడకో, భుజానికో, వీపుకో, పొట్ట పైభాగానికో పాకవచ్చు. కాబట్టి వైద్య పదాల కోసం వెతుక్కోకుండా, 'గ్యాసు' అని మనమే నిర్ధారణ చేసి చెప్పకుండా, ఒంట్లో ఎలా అనిపిస్తుందో అలాగే చెప్పాలి. ఏం చేస్తే వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఏం చేస్తే పోతుంది, ఈమధ్య తక్కువ పనికే వస్తోందా, ఊరికే కూర్చున్నా వస్తోందా అన్నవి ఆ వెంట చెప్పవలసినవి. చివరి రెండింటిలో ఏ ఒక్కదానికైనా అవునన్నది జవాబైతే, ముందే తీసుకున్న సమయం కోసం ఆగకుండా ఆ రోజే చూపించుకోవాలి.

ఆయాసాన్ని కొలిచే మంచి కొలబద్ద మన రోజువారీ జీవితంలోనే ఉంది. "ఆయాసంగా ఉంటోంది" అనే మాటకన్నా "ఆరు నెలల కిందట రెండంతస్తులు ఆగకుండా ఎక్కేవాణ్ని, ఇప్పుడు మొదటి మలుపులోనే నిలబడుతున్నాను" అనే మాట డాక్టరుకు ఎంతో ఎక్కువ చెబుతుంది. పడుకుంటే ఊపిరాడక రెండు దిండ్లు వేసుకోవలసి వస్తోందా, నిద్రలో ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుంటున్నారా, సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయా అన్నవి గుండె నీరసించిందేమోనని అనుమానించడానికి ఆధారాలు. దడ విషయంలో అది ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగుతుందా, మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుందా అన్నది గమనించాలి. మాటల్లో చెప్పలేకపోతే ఆ దడ నడిచిన తీరును బల్ల మీద వేలితో కొట్టి చూపించండి. క్రమం తప్పిన దడకూ, వేగంగా ఉన్నా క్రమంగా ఉన్న దడకూ తేడా ఆ చప్పుడులోనే తెలిసిపోతుంది. స్పృహ తప్పి పడిపోయినవారి విషయంలో మాత్రం చూసినవారి మాటే ముఖ్యం. ముఖం పాలిపోయిందా, ఎంతసేపటికి లేచారు, లేవగానే మనుషులను గుర్తుపట్టారా అన్నవి పడిపోయిన మనిషికి తెలియవు కదా.

స్త్రీలలోనూ, షుగరు ఉన్నవారిలోనూ, బాగా పెద్ద వయసు వారిలోనూ ఈ బాధ ఛాతీలో కాక ఆయాసంగా, వికారంగా, అంతుచిక్కని నిస్సత్తువగా బయటపడే అవకాశం ఎక్కువ. అమ్మ "ఏమిటో ఈమధ్య చేతకావడం లేదు" అంటే వయసు మీద పడిందని సరిపెట్టుకునే ఇళ్లన్నిటికీ ఈ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలని ఉంది. నిరుడు చేసిన పనే ఈ ఏడు చేయలేకపోవడం పరీక్ష చేయించవలసిన లక్షణమే.

"ఇంత చెబితే వినే తీరిక డాక్టర్లకు ఎక్కడుంది?" అన్న ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు సంప్రదింపులను రికార్డు చేసి పరిశీలిస్తే, రోగి తన ఇబ్బంది చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు మాట అడ్డు వస్తున్నట్టు తేలింది. వినవలసిన బాధ్యత వైద్యుడిదే, అందులో సందేహం లేదు. ఆ బాధ్యతను రోగి భుజాల మీదికి నెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ 18 సెకన్లలో ఏం చెప్పాలన్నది మన చేతిలో ఉంది. ముందురోజు రాత్రి అరకాగితం మీద రాసుకుంటే చాలు. మొదటి వాక్యంలో అసలు ఇబ్బంది, అది ఎప్పటినుంచి, ఏం చేస్తే వస్తుందో ఉండాలి. చదువు రానివారికి ఇంట్లో పిల్లలు రాసిపెట్టవచ్చు, కానీ రాయవలసింది పెద్దవారు చెప్పిన మాటలనే. వెంట వెళ్లేవారికి నా మనవి కూడా అదే: రోగి మాట్లాడడం పూర్తయ్యాకే మీరు మాట్లాడండి. మరచిపోయినవి అందించడానికీ, డాక్టరు చెప్పినవి రాసుకోవడానికీ మనం వెళ్తాం కానీ, ఆయన బదులు రోగి కావడానికి కాదు.

కుటుంబ చరిత్ర కూడా ఆ కాగితంలో ఉండాలి. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ల లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్ల లోపు గుండె జబ్బు వచ్చిందంటే అది లెక్కలోకి వస్తుంది. చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉంటే, కారణం తెలియకపోయినా చెప్పాలి.

మందుల విషయంలో జ్ఞాపకశక్తిని నమ్ముకోవద్దు. "పొద్దున తెల్లది, రాత్రి చిన్న గులాబీరంగుది" అంటే ఏ డాక్టరూ ఏమీ చేయలేరు. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లాలి. గుండె మందులే కాదు, మోకాళ్ల నొప్పులకు అప్పుడప్పుడు వేసుకునేవి, మూలికా మందులు, పొడులు, అన్నీ. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు రక్తపోటును పెంచగలవు, గుండె నీరసించినవారి ఒంట్లో నీరు నిలిచేలా చేయగలవు. సిగ్గుపడి దాచే మందు మరొకటి ఉంది. అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్, టడాలఫిల్ వంటివి వాడేవారికి ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టే నైట్రేట్ మందు ఇస్తే రక్తపోటు ప్రాణాపాయం కలిగేంతగా పడిపోవచ్చు. ఇది ఇంట్లోవారి ముందు చెప్పలేకపోతే, డాక్టరుతో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడాలని అడగడంలో తప్పేమీ లేదు.

అసలు బీపీ ఎంతో డాక్టరుకు తెలియాలని ఆ రోజు పొద్దున మాత్ర మానేసి వెళ్లేవారిని నేను చాలామందిని చూశాను. డాక్టరు తెలుసుకోవాలనుకునేది మందు వేసుకున్నాక బీపీ ఎంత ఉందన్నది. ప్రత్యేకంగా మానమని చెబితే తప్ప రోజూ వేసుకునే మందు ఆ రోజూ వేసుకోవాలి. బీపీ చూసే తీరు మీద కూడా కాస్త పట్టుదల అవసరం. మెట్లెక్కి వచ్చిన వెంటనే, కాలు మీద కాలు వేసుకుని, మూత్రం ఆపుకుని, మాట్లాడుతూ, చొక్కా చేతి మీదుగా పట్టీ కట్టించుకుంటే వచ్చే అంకె మన రక్తపోటు కాదు. వీటిలో ఒక్కొక్కటీ కొంత కొంత తేడా తేగలదు, అన్నీ కలిస్తే జీవితాంతం వాడవలసిన మందు పెంచాలా వద్దా అన్న నిర్ణయమే తారుమారు కావచ్చు. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగ మానాలి. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, మౌనంగా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఏదైనా ఆనుకుని ఉండాలి. డాక్టరు ఎదుట బీపీ పెరగడం చాలామందికి ఉన్నదే, అందుకే ఇంట్లో వారం రోజులు ఉదయం, సాయంత్రం రెండేసి సార్లు చూసి రాసుకున్న పట్టిక క్లినిక్‌లో చూసిన ఒక్క అంకె కంటే నమ్మదగినది. క్లినిక్‌లో 140/90 ఎటువంటిదో ఇంట్లో 135/85 అటువంటిదని తెలిసి ఉంటే ఆ పట్టికను చదువుకోవడం తేలిక.

పరీక్షలకు వెళ్లేటప్పుడు విడివిడిగా ఉన్న పై బట్ట, కింది బట్ట వేసుకుంటే ఈసీజీకి, ఎకోకి ఇబ్బంది ఉండదు. ఛాతీకి క్రీములు, నూనెలు రాయకూడదు. ట్రెడ్‌మిల్‌కు కాలికి పట్టుగా ఉండే బూట్లు కావాలి, రెండు మూడు గంటల ముందే తేలికగా తినాలి, గుండె వేగాన్ని తగ్గించే మాత్ర ఆపాలో వద్దో ముందే అడగాలి. ఒంటికి యంత్రం కట్టి 24 గంటలు గుండె నడకను నమోదు చేసే హోల్టర్ పరీక్ష రోజున చాలామంది భయంతో మంచం దిగరు. దానివల్ల ఆ పరీక్ష ప్రయోజనమే పోతుంది. రోజూ చేసే పనులన్నీ చేస్తూ, దడ అనిపించిన ప్రతిసారీ గడియారం చూసి సమయం రాసుకోవాలి. ఇక్కడ కూడా మనిషి రాసిన ఆ నాలుగు వాక్యాలు లేకపోతే యంత్రం గీసిన గీతలకు సగం అర్థం రాదు.

ఎకో రిపోర్టు చేతికి రాగానే పుట్టే ఒక అనవసరపు భయం గురించి చెప్పాలి. అందులో 'ఈఎఫ్ 60 శాతం' అని ఉంటే, మిగతా 40 శాతం గుండె పాడైపోయిందని కుమిలిపోయినవారు మా బంధువుల్లోనే ఉన్నారు. గుండె ఎడమవైపు కింది గదిలో నిండిన రక్తంలో ప్రతి కొట్టుకోలులోనూ ఎంత భాగం బయటికి వెళ్తుందో చెప్పే లెక్క అది. ఆరోగ్యవంతుల గుండె కూడా మొత్తం ఖాళీ కాదు. సుమారు 55 నుంచి 70 వరకు ఉంటే మామూలే. 60 అంటే సంతోషించవలసిన అంకె.

అడగవలసిన ప్రశ్నల్లో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది ఒకటుంది: "ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి నా చికిత్సలో ఏం మారుతుంది?" స్టెంట్ మాట వచ్చినప్పుడు దీనికి తోడుగా "ఇది ఆలోచించుకునే వ్యవధి ఉన్నదా, వెంటనే చేయవలసినదా?" అని అడగాలి. గుండెపోటు వచ్చినప్పుడు స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది, అక్కడ తర్జనభర్జనకు తావు లేదు. నిలకడగా ఉన్న పూడికల సంగతి వేరు. 2007లో వచ్చిన కరేజ్, 2020లో వచ్చిన ఇస్కీమియా అనే రెండు పెద్ద పరిశోధనలలో, మంచి మందుల చికిత్సకు అదనంగా స్టెంటో బైపాస్ ఆపరేషనో చేసినందువల్ల మరణాలు తగ్గలేదు. ఛాతీ బాధ ఉన్నవారికి మాత్రం బాధ తగ్గింది. ప్రధాన నాళం మొదట్లోనే పెద్ద పూడిక ఉన్నవారికి, గుండె బాగా నీరసించినవారికి ఈ మాట వర్తించదు. మిగిలినవారి విషయంలో చేయించుకోవాలా వద్దా అన్నది వారి బాధ ఎంత, దానివల్ల రోజువారీ బతుకు ఎంత ఆగిపోయింది అన్నదాని మీద ఆధారపడుతుంది. అది యాంజియోగ్రామ్ సీడీలో ఉండదు, రోగి చెబితేనే తెలుస్తుంది. మా నాన్నగారు తన ఇష్టమైన ఉదయపు నడక పూర్తిగా మానేశారని నాకు ఆ రోజు డాక్టరు గదిలోనే మొదటిసారి తెలిసింది.

లేచే ముందు మందుల చీటీని డాక్టరుకు మనమే ఒకసారి చదివి వినిపించాలి: ఏది కొత్తది, ఏది మానేయాలి, ఏది ఎన్నాళ్లు. పొరపాటు ఉంటే అక్కడే బయటపడుతుంది. స్టెంట్ వేసినవారికి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు మాత్రలను పన్ను పీకించుకోవడానికని, చిన్న ఆపరేషన్ ఉందని ఎవరు చెప్పినా, గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు. స్టెంట్‌లోనే గడ్డ ఏర్పడి గుండెపోటు రావచ్చు. గుండె నీరసం ఉన్నవారు రోజూ ఉదయం బరువు చూసుకుంటూ, మూడు రోజుల్లో రెండు కిలోలకు పైగా పెరిగితే తరువాతి సంప్రదింపు కోసం ఆగకుండా ఫోను చేయాలి. ఎవరికి చేయాలో, ఆ నంబరు ఏదో అడిగి రాసుకోనిదే బయటికి రావద్దు.

అరకాగితం రాసుకోమని ఇంతసేపు చెప్పాను. కాగితం తీయకూడని సందర్భం ఒకటుంది. విశ్రాంతిగా ఉన్నా తగ్గకుండా ఛాతీలో బిగువు పది పదిహేను నిమిషాలు కొనసాగినా, దానితోపాటు చెమటలు పట్టినా, ఊపిరాడకపోయినా, స్పృహ తప్పుతున్నట్టు అనిపించినా ఫైలు కోసం వెతకవద్దు, క్లినిక్ తెరిచే వేళ దాకా ఆగవద్దు, సొంతంగా బండి నడుపుకుంటూ బయలుదేరవద్దు. వెంటనే అంబులెన్సును పిలవాలి. ఆస్పిరిన్ పడనివారు కాకపోతే, ఫోనులో ఉన్న అత్యవసర సిబ్బంది చెప్పినట్టు ఒక మాత్ర నమిలి మింగి, అంబులెన్సు వచ్చేదాకా నడవకుండా కూర్చోవాలి. తలుపు గడియ మాత్రం ముందే తీసి ఉంచాలి.